చివర కణుపు

కంకిపాడు అవతల ప్రయోగాల పొలంలో రూతుది జొన్న కంకులకు కాగితం సంచులు తొడిగే పని. ఒక జొన్న పుప్పొడి ఇంకో జొన్న మీద పడకూడదు కదా, అందుకు. డెబ్బై నాలుగులో ఆ పొలానికి తీపి జొన్న పిచ్చి పట్టింది. ఉయ్యూరు చుట్టుపక్కల చెరుకు దొరకని నెలల్లో జొన్నదంట్లు ఆడించి పాకం తియ్యొచ్చని పెద్దల ఆలోచన. దానికి హైబ్రిడ్ కావాలి, హైబ్రిడ్‌కి మంచి తల్లీ తండ్రీ కావాలి. తల్లి వరస కుదిరింది. తండ్రి కోసం ఎక్కడెక్కడి జొన్నలో తెచ్చి తలా ఒక వరస వేశారు.

అందులో ఒకటి రూతు వాళ్ళమ్మ మార్తమ్మది.

చల్లపల్లి దగ్గర ఇంటి వెనక మెరక మీద మార్తమ్మ ఏటా కాసిని తీపి జొన్నలు చల్లేది. ఆమె పోయింది. మెరకా పోయింది, వరిమడిలో కలిసిపోయింది. పొయ్యి పైన పొగకు వేలాడదీసిన విత్తనపు కంకి ఒక్కటే మిగిలింది. చల్లుకోవడానికి రూతుకు సెంటు నేల లేదాయె! కొంగున కట్టి తెచ్చి ఆఫీసరు వెంకటప్పయ్యగారి చేతిలో పెట్టింది. ఈ జొన్న నెగ్గితే అమ్మ ఏటేటా మొలుస్తుంది. నెగ్గకపోతే వరస పీకి పశువులకు వేస్తారు, అంతే. ఆ దిగులుతో ఆమెకు అన్నం సయించలేదు.

గింజ గట్టిపడ్డాక రసం చూసే రోజు వచ్చింది. వరసకో ముక్క తెచ్చి గాజు మీద చుక్క పిండితే, వెంకటప్పయ్యగారు గొట్టం కంటికి పెట్టుకుని తీపి ఎంతో చెప్తారు. తన వరసను మాత్రం రూతు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

"చప్పగా ఉందమ్మాయ్! తీసెయ్యాల్సిందే," అన్నారాయన.

రూతు చేతిలో ముక్క ముందుకు చాపింది. "అదేంటండీ! మంచి ముక్క ఏరి మరీ తెచ్చానండీ."

"ఏ కణుపు?"

"చివరదండీ, కంకి కిందది. మా అమ్మ మిగతాదంతా మాకు పంచేసి తను అదొక్కటే తీసుకునేది. 'అసలు రుచంతా ఇందులోనే ఉంటుందే, ఇవ్వను పో' అనేది. మేం ఏడ్చినా పెట్టేది కాదండీ."

ఆయన నవ్వబోయి ఆగారు. "ఏ జొన్నకైనా చివర చప్పగానే ఉంటుందమ్మా. నడిమి కణుపు పట్రా."

తెచ్చింది. ఆయన చూశారు. గాజు తుడిచి మళ్ళీ చూశారు. "ఇదేనమ్మా మనకు కావాల్సింది! తల్లి వరసతో పాటే పూసింది కూడాను, పుప్పొడి సమయానికి అందుతుంది. తండ్రి దొరికాడు!"

"ఏమే రూతూ, మీ అమ్మని మగాణ్ణి చేసేశారుగా!" అంది తోటి కూలీ అమలమ్మ. అందరూ పకపకా నవ్వారు.

ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి గట్టు మీద కూలబడింది. చేతిలో ఆ చివర ముక్క అలాగే ఉంది. పంటితో చీల్చి నమిలింది. గడ్డి నమిలినట్టుంది. దీని కోసమేనా చిన్నప్పుడు అమ్మని పిసినారి అని తిట్టింది?

"అబద్ధాలకోరుదానా," అంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. "ఒక్కసారి నిజం చెప్తే ఏం పోయేదే అమ్మా! నా దాంట్లో సగం నీకు పెట్టేదాన్ని కదే."

పిప్పి ఉమ్మలేదు. అలా నములుతూనే కూర్చుంది.