కేటో మేనర్‌లో ఆఖరి ఏడాది

కమలకుమారి గారు చెప్పాలనుకున్నది ఒక్క ఏడాది సంగతి. అరవై ఏళ్లుగా కడుపులో దాచుకున్న ఏడాది. దానికి మా తెలుగువాళ్లు ఇచ్చిన మర్యాద తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆవిడ పుట్టింది దక్షిణాఫ్రికాలో, డర్బన్ ఊరి అంచున కేటో మేనర్ అనే చోట. ముత్తాత చెరకు తోటల్లో కూలికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వెళ్లాడు. పెళ్లయ్యాక ఆవిడ కెనడా వచ్చారు, ఏజాక్స్ అనే ఊళ్లో ఒక బడి లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయాక మేడమీద గది అద్దెకిస్తే అందులో నేను దిగాను.

నాలాంటి స్టూడెంట్లు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. బస్సులో, కాఫీ కొట్టులో, గోడౌన్‌లో, ఎక్కడ విన్నా తెలుగే. గది కోసం నార్త్ యార్క్‌లో మనవాళ్లందరికీ ఫోన్లు చేశాను. ముందు ఏ ఊరని అడిగేవారు, తర్వాత ఇంటిపేరేమిటనేవారు, ఆ తర్వాత గది నిన్ననే ఇచ్చేశామనేవారు. కమలకుమారి గారు మాత్రం మంచులో నడవడానికి నీకు బూట్లున్నాయా అని అడిగారు.

ఆ నవంబరులో తెలుగు సంఘం కార్తీక వనభోజనాలు పెట్టింది. వనమెక్కడిది, ఆ చలిలో చెట్లకే దిక్కులేదు. కమ్యూనిటీ సెంటర్ హాలు తీసుకున్నారు. ఉసిరిచెట్టు కింద తినాలి కాబట్టి, ఇండియన్ స్టోరులో దొరికిన ఫ్రోజెన్ ఉసిరికాయలు ఒక పళ్లెంలో పోసి నడిమి బల్ల మీద పెడదామనుకున్నారు. ఊళ్లో ఏ కులం వనభోజనాలు ఆ కులానివే గానీ ఇక్కడ మనమంతా ఒక్కటే అని సంఘం ప్రెసిడెంటు రామమోహనరావు గారు చెప్పుకొని మురిసేవారు. ఆయన రిటైరైన ఇంజనీరు.

కమలకుమారి గారి ఇంటిపేరు నాయుడూ (నాయుడుని అక్కడ అలాగే అంటారు) అని ఎవరి ద్వారానో విని, ఆయన స్వయంగా ఇంటికొచ్చారు. ఆఫ్రికాలో కూడా మనవాళ్లు నిలదొక్కుకున్నారంటే ఎంత గర్వమండీ అన్నారు. అపార్థైడ్ అనే ఆ వర్ణవివక్ష కింద ఒక ఏడాది ఎలా గడిచిందో పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. ముందు వరసలో కుర్చీ కూడా ఇస్తామన్నారు. ఆవిడకి ఆ సాయంత్రం కాలు ఒకచోట నిలవలేదు. సొంత భాషలో, సొంతవాళ్ల ముందు ఆ సంగతి చెప్పమని ఆవిడని అంతవరకూ ఎవరూ అడగలేదు.

రోజూ కాలేజీ నుంచి రాగానే నన్ను వంటింట్లో కూర్చోబెట్టి చెప్పి చూసుకునేవారు. డర్బన్‌లో సాయంకాలపు బడిలో నేర్చిన తెలుగు ఆవిడది, పాఠ్యపుస్తకంలో నుంచి లేచొచ్చినట్టుండేది. దిద్దబోయాను గానీ, దిద్దితే చెడుతుందని ఊరుకున్నాను.

అది 1964. జనవరిలో ఆఫీసరొచ్చి ఇంటి ముందుగోడ మీద తెల్ల రంగుతో నంబరు వేశాడు. ఆ చోటు ఇక తెల్లవాళ్లది, భారతీయులంతా దూరాన చాట్స్‌వర్త్ అనే కొత్త కాలనీకి పోవాలి. వాళ్లమ్మ ఆ నంబరు కడిగేసేది, ఆఫీసువాళ్లు మళ్లీ వేసేవారు. ఒక్కో ఇల్లూ కూలుతుంటే పక్కింటి పిల్లలు బడి మానేశారు. కమలకుమారి గారి నాన్నది కూరగాయల సాగు. పోయే నేలలో విత్తనాలెందుకని అందరూ అన్నా, సెప్టెంబరులో వంగనారు పోశాడు. డిసెంబరులో లారీ వచ్చేసరికి చెట్లు పూత మీదున్నాయి. సామానంతా ఎక్కించాక ఆయన కనిపించలేదు. వెతికితే వంగమడిలో ఉన్నాడు, నీళ్లు పెడుతూ. అక్కడికొచ్చేసరికి కమలకుమారి గారి గొంతు ప్రతిసారీ ఆగిపోయేది.

వనభోజనాలకు వారం ముందు రామమోహనరావు గారు మళ్లీ వచ్చారు. టీ తాగుతూ, ఇంతకీ మీరు ఏ నాయుళ్లండీ, మా వైపువాళ్లేనా అని ఆరా తీశారు. ఆవిడ నవ్వేశారు. ముత్తాతకి అప్పడు అన్న ఒక్క పేరే ఉండేదని, తాతని బడిలో వేసినప్పుడు పక్కవాళ్లని చూసి నాయుడూ అని రాయించారని, అసలు కులమేదో ఇంట్లో ఎవరికీ తెలియదని చెప్పారు. సర్కారు మా అందరికీ ఇండియన్ అని ఒకటే ముద్ర వేసిందండీ అన్నారు. ఆయన టీ సగంలో వదిలేసి లేచారు.

మూడోనాడు ఫోనొచ్చింది. ప్రోగ్రాములు ఎక్కువైపోయాయట, ఐదు నిమిషాల్లో ముగించాలట. అసలు కారణం కులమేనని నేను ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పాను. టైము లేదని ఆయన చెప్పినాడు కదా, నీకన్నీ అనుమానాలే అని నన్నే కసిరారు.

ఆ రోజు వడ్డన మా స్టూడెంట్లది. కుటుంబాలు తిన్నాక మేం లోపలి వరండాలో తినాలి. నా క్లాస్‌మేట్ పండుది వరంగల్, నోటికి తాళం లేని మనిషి. "ఇది గూడ అపార్థైడే కద ఆంటీ" అన్నాడు గరిటె ఊపుతూ.

"కాదు," అన్నారావిడ. "నీకు నచ్చకుంటే ఆ గరిటె కింద పెట్టి పోవచ్చును. మా నాయనకు ఆ వీలు లేదు. ఆ మాటను చిల్లరగా వాడవద్దు."

పండు గరిటె ఊపడం మాని విస్తళ్లు లెక్కపెట్టసాగాడు. స్టేజీ మీద పిల్లల డాన్సులయ్యాయి, చీరల లక్కీ డ్రా అయింది, సినిమా పాటలు రెండనుకున్నవి ఆరయ్యాయి. రామమోహనరావు గారు మైకు తీసుకొని, ఆకళ్లవుతున్నాయి, ముందు భోంచేసి కమలకుమారి గారి మాటలు తీరిగ్గా విందాం అన్నారు. తీరిగ్గా తిన్నారు. పులిహోర డబ్బాల్లో సర్దుకున్నారు, కోట్లు తొడుక్కున్నారు, పోయారు. మైకువాడు వైర్లు చుడుతుంటే ఆవిడ ముందు వరస కుర్చీలో చేతిసంచి ఒళ్లో పెట్టుకొని కూర్చునే ఉన్నారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకొని వరండాలోకి తీసుకొచ్చాను.

అక్కడ తింటున్న స్టూడెంట్లకి, చల్లారిన సాంబారు ముందు, ఆవిడ ఆ ఏడాదంతా చెప్పారు. ఏదీ కుదించలేదు, నాయుడూ అన్న పేరు ఎలా వచ్చిందో కూడా చెప్పారు. ఆ తెలుగుకి మొదట ఒకరిద్దరు నవ్వారు, తర్వాత ఫోన్లు జేబుల్లోకి పోయాయి. వంగమడి దగ్గర కూడా ఆవిడ గొంతు ఆగలేదు. పండు కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పోనీలే, పెద్దలు వినకపోతేనేం, వీళ్లన్నా విన్నారు అనుకున్నాను.

ఆవిడ చెప్పడం ముగించగానే పండే ముందుకు జరిగాడు, చాలా మర్యాదగా.

"ఆంటీ, మరి ఇంతకీ మీరేంటోళ్లు? నాయుళ్లు కాదంటిరి గద."

ఆవిడ వాడి ముఖంలోకి చూశారు.

"ఆ యేడు మా ఇంటికి నంబరు వేయ వచ్చినవాడు కూడా మొదట అదే అడిగినాడు, మీరెవరని. వానికి దానికి సర్కారు జీతమిచ్చేది. నీకెవరిస్తున్నారు నాయనా?"

"ఊకే అడిగిన ఆంటీ," అన్నాడు పండు బిక్కమొహం వేసి.

వాడు మంచివాడు, నిజంగానే ఊరికే అడిగాడు. అదే నాకు మింగుడు పడలేదు.