మొటిమల ట్యూబూ, కుంకుమ పొట్లమూ

మా చిన్నప్పుడు... కలకత్తా గార్డెన్ రీచ్ క్వార్టర్స్‌లో ఆడపిల్ల మొహాన మొటిమ వస్తే అది ఆ ఇంటి సంగతి కాదు, మొత్తం బిల్డింగ్ సంగతి! నాకు పదిహేనేళ్లు, బుగ్గల నిండా మొటిమలు. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్లూ గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసేవాళ్లు... బజార్లో వంకాయలు ఏరుతున్నట్టు.

అమ్మ సున్నిపిండి రుద్దింది, పసుపు పూసింది, వేపాకు నూరి పట్టించింది. ఏదీ పనిచెయ్యలేదు. సరస్వతీ పూజ దగ్గరికొచ్చేసింది... కలకత్తాలో చదివిన ఆడపిల్లలకి చెప్పక్కర్లేదు, పసుపుపచ్చ చీర కట్టుకుని స్కూలుకి వెళ్లే రోజు ఏడాదికి అదొక్కటే. ఈ మొహంతో వెళ్లనంటే వెళ్లనని మంచమెక్కి కూర్చున్నాను.

అప్పుడు పక్కింటి బెంగాలీ వదిన ఒక ట్యూబు పేరు చెప్పింది. ఆవిడకి డాక్టరు దేనికో రాసిచ్చాడట. నాన్న మందుల షాపుకెళ్తే చీటీ కూడా అడక్కుండా చేతిలో పెట్టేశారు.

నాలుగు రోజుల్లో మొటిమలు మాయం! "చూడవే, ఏటి మెరుపో!" అని అమ్మ దిష్టి తీసింది. పూజ రోజు ఎంత మురిసిపోయానో...

అక్కడితో ఆపామా? ఏడాది రాశాం. ఆపితే మొహం మంట, మొటిమలు రెట్టింపు... మళ్లీ రాసేవాళ్లం. ఇవాళ్టికీ ఎండలో రెండు నిమిషాలు నిలబడితే నా బుగ్గలు కందిపోతాయి, సన్నటి ఎర్ర నరాలు పైకి కనిపిస్తాయి.

ఇప్పుడు మా అమ్మాయి మేఘనకి పదహారు. దానివి లోపల గడ్డలు కట్టే మొటిమలు, మానితే గుంటలు పడుతున్నాయి. ఫ్రెండ్స్ ఇళ్లకి వెళ్లడం కూడా మానేసింది. డాక్టరమ్మ క్యాప్సూల్స్ వాడొచ్చంది. ముందు రక్తపరీక్ష చేయించాలి, పెదాలు పగులుతాయి, మనసు దిగులుగా అనిపిస్తే వెంటనే చెప్పాలి, వాడే రోజుల్లో గర్భం రాకూడదు... అన్నీ చెప్పి, కాగితం చేతికిచ్చి, ఆలోచించుకుని రమ్మంది.

గర్భం మాట వినగానే మా అమ్మ లేచింది. "స్కూలుకెళ్లే గుంటకి ఆ మాటలేటే! ఏ మందులూ వద్దు. పసుపు రాయండి."

నాకు ఒళ్లు మండిపోయింది. "నాకు ఆ ట్యూబు రాసినప్పుడు ఈ భయం ఎక్కడికి పోయిందమ్మా?"

"మాకేటి తెలుసే! మాకెవరు చెప్పారు?" అని అమ్మ కూడా అరిచింది.

"ఆ ట్యూబుకి ఇలాంటి కాగితం లేదా అమ్మమ్మా?" అంది మేఘన.

అమ్మ గొణుక్కుంటూ దేవుడి పెట్టె తీసింది. సింహాచలం కుంకుమ పొట్లం తెచ్చి ముందు పెట్టింది. "ఇదే ఆ కాగితం. గట్టిగా ఉందని కట్టాను."

మేఘన కుంకుమ గిన్నెలోకి ఒంపి, కాగితం విప్పి చదివింది. డాక్టరు చెప్తే తప్ప వాడకూడదు... మొహానికి ఎక్కువ రోజులు రాయకూడదు... చర్మం పలచబడుతుంది... అన్నీ ఉన్నాయి! ముప్ఫై ఏళ్లుగా మా దేవుడి పెట్టెలోనే ఉన్నాయి!

అమ్మకి ఇంగ్లీషు రాదు, సరే. మరి నాకు? క్లాసులో ఇంగ్లీషులో ఎప్పుడూ నేనే ఫస్టు. ఆ డబ్బా విప్పిందీ నేనే, "కుంకుమకి పనికొస్తుంది, తీసుకో" అని ఆ కాగితం అమ్మకిచ్చిందీ నేనే. ఎంత చిరాకేసిందో... ఈసారి అమ్మ మీద కాదు.

"నువ్వెందుకు చదవలేదమ్మా?" అంది మేఘన.

ఏం చెప్పను... పైన రెండు లైన్లు చదివాను. ఇంకా చదివితే రాయొద్దంటుందేమోనని మడిచేశాను. పూజ వారంలో ఉంది మరి.

మేఘన తన కాగితం మీద గీతలు గీసి, ఏడు ప్రశ్నలు రాసుకుంది. సోమవారం అవన్నీ అడిగాకే వేసుకోవాలో వద్దో చెప్తుందట. "పసుపు రాసుకోవచ్చా అని కూడా అడగవే" అని అమ్మ ఎనిమిదోది రాయించింది.

ఒక్క ప్రశ్న... ఆ వయసులో నేను ఒక్కటైనా అడిగి ఉంటే బాగుండేది.

మీ ఇళ్లల్లో మందు డబ్బాలో కాగితం దేనికి వాడేవాళ్లు? నిజం చెప్పండి...