గాజుగొట్టంలో కరువు

పొద్దున ఎనిమిదిన్నరకి పెరట్లోని వర్షమాపకం మీది గరాటు తీస్తాడు. అందులో నిలిచిన నీటిని గీతల గాజుగొట్టంలోకి వంచి, గొంతుక్కూర్చుని, ఎడమ కన్ను మూస్తాడు. గడియారాలు బాగుచేసే మనిషి. ఏ సన్నని వస్తువునైనా ఒంటి కంటితోనే చూస్తాడు. చుక్క పడని రోజైనా అంతే. సున్నాని కూడా చూసే రాయాలంటాడు.

ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే. నెలాఖరుకి అంకెలు వర్షాల ఆఫీసుకి పోస్టులో వెళతాయి. మొదటి పదేళ్ళ మీద ఇప్పుడు ఐదో వంతు వాన తగ్గింది. ఊరు ఎండిపోతోందని గడియారం ఇవ్వడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు.

ఎదురు సెలూన్ అతను మాత్రం నమ్మలేదు.

"కరువు మీ గొట్టంలోనే ఉంది బాబాయ్. నా గుమ్మం ముందు బురద ఏటా అంతే."

"బురదకి గీతలుంటాయిట్రా?"

ఒకరోజు ఆ ఆఫీసు నుంచి ఒకామె జీపులో వచ్చింది. డెబ్భై ఏళ్ళ దేశపు వానలన్నీ ఒక పటం మీదికి ఎక్కిస్తున్నారట. పటాన్ని మంచం మీద పరిచింది. చుట్టూ నాలుగు ఊళ్ళకీ పచ్చ చుక్కలు. మధ్యలో ఈ ఊరొక్కటే ఎరుపు.

"ఇక్కడ వాన మెల్లగా తగ్గలేదండీ. రెండుసార్లు మెట్టు దిగినట్టు దిగింది. మీరు కొలవడం మొదలెట్టిన పద్నాలుగో ఏడు ఒకసారి, ఇరవై రెండో ఏడు ఒకసారి. అప్పుడేం జరిగింది?"

ఆయన ఆకాశాన్ని గుర్తు చేసుకున్నాడు. గాలులు, ఎండలు, మబ్బులు.

భార్య వంటింటి గడపలోంచి అంది: "పద్నాలుగో ఏడంటే పెద్దదాని కాన్పుకి ముందు మేడ మీద గది వేశాం. ఈయన తమ్ముడు వాళ్ళు వచ్చి చేరినప్పుడు దాని మీద ఇంకోటి. సంసారం పెరిగిందమ్మా, ఇంకేం జరుగుతుంది?"

ముగ్గురూ పెరట్లోకి వెళ్ళారు. ఆ ఊరికి వానగాలి పడమటి నుంచి వస్తుంది. వర్షమాపకానికి పడమటి వైపు, పది అడుగుల దూరంలో, మూడంతస్తుల గోడ. కట్టించింది తానే అయినా ఆయన దాన్ని కింది నుంచి పైదాకా కొత్తగా చూశాడు.

"అయితే నా ఇరవై ఏళ్ళూ కొట్టేస్తారా?"

"దేశంలో కరువేళ్ళు దగ్గర పడుతున్న మాట నిజమేనండీ. అందుకే అందులో గోడ తెచ్చిన కరువు కలవకూడదు. జీపులో ఇంకో రెయిన్ గేజీ ఉంది. ఖాళీ స్థలంలో పాతి, ఏడాది పాటు రెండూ కొలవండి. గోడ ఎంత తింటోందో తేలితే పాత అంకెలు సరిదిద్దుతాం. లేదంటే పక్కన పెట్టక తప్పదు."

"ఒక్క గేజీ దగ్గర కూర్చుంటేనే లేవలేరు," అంది భార్య. "ఇంకోటా?"

"సెలూన్ వాడు లేపుతాడులే."

"వాడు ముందు నవ్వుతాడు. తర్వాత లేపుతాడు."

సాయంత్రానికి ఊరి మిల్లు వెనక, గోడలకి దూరంగా, ఖాళీ స్థలంలో రెండోది పాతించాడు.

తెల్లవారుజామున జల్లు పడింది. ఎనిమిదిన్నరకి పెరట్లో నాలుగు మిల్లీమీటర్లు. మిల్లు వెనక ఐదు, ఆ పైన ఒక గీత. రిజిస్టరులో కొత్తగా ఒక నిలువు గడి గీసి, రెండు అంకెలూ పక్కపక్కనే రాశాడు. వెంటనే ఇంటికి రాలేదు. చుట్టూ ఏ అడ్డూ లేని ఆ చోట నిలబడి, తడి వేలు పైకెత్తి, గాలి ఎటు నుంచి వస్తోందో చూశాడు.