థ్రాటిల్ మీద రెండు చేతులు

హచ్చొళ్ళి దగ్గర వడ్లు చూసి నేను భయపడి చేతులు వదిలేశానని, పక్క సీట్లో ఉన్న మా ఆయన విమానాన్ని దించి నా ప్రాణం కాపాడాడని అందరూ చెప్పుకుంటున్నారు. మా తోరణగల్లులో కంపెనీ బస్సు కోసం నిలబడేవాళ్ళ నోట కూడా ఇదే కథ. ఒకామె నన్ను ఆపి నాకే చెప్పింది. చివర్న "దేవుడట్లా మొగుడు" అని కలిపింది కూడా. ఆ దేవుడికి పైలట్ లైసెన్స్ లేదు. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా కనపడదని డాక్టర్లు ఆయన కాగితాలు వెనక్కి పంపారు. లైసెన్స్ నాది.

విమానం ఆయనదే, ఒప్పుకుంటాను. ఉక్కు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ పని చేసి, ముందుగానే రిటైరై, పెట్టెల్లో వచ్చిన కిట్‌ను మా షెడ్డులో ఆరేళ్ళు కూర్చుని బిగించాడు. ఇద్దరు పట్టే చిన్న విమానం. రెక్కలు నెత్తి మీదుగా ఉంటాయి. రివెట్లు సగం నేనే కొట్టాను, ఆ సంగతి ఎవరి కథలోనూ రాదు. నడపడానికి మనిషి కావలసి వచ్చినప్పుడు, ఫిజిక్స్‌లో బి.ఎస్సీ. చదివి ఇరవై ఏళ్ళు పిల్లలకు చలన నియమాలు నూరిపోసిన నేను నలభై ఆరో ఏట ఫ్లయింగ్ క్లబ్బులో చేరాను. యశ్వంతనగర్ అవతల ఒక గని యజమానికి సొంత ఎయిర్‌స్ట్రిప్ ఉంది. రెండు గుట్టల మధ్య కురచ బాట, దిగేటప్పుడు గాలి పక్కనుంచి తోస్తుంది. అక్కడ ఎన్నిసార్లు దిగానో! ఆ ఎర్రదుమ్ము ఇంకా చక్రాల సందుల్లో ఉంది. దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. బాగా దిగిన విమానంతో ఎవరికి పని?

హచ్చొళ్ళి స్ట్రిప్ ఒక రైతుది. కాలువ నీళ్ళు వచ్చిన కాలంలో ఆయన తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి పెట్టాడు. నాలుగొందల మీటర్ల మొరం బాట, చివర పంపుసెట్ల కరెంటు తీగలు. ముందురోజు ఫోన్ చేసి అడిగాను. "ఖాళీగానే ఉందండీ, నిశ్చింతగా వచ్చేయండి," అన్నాడు. కోతల కాలమని నాకు తెలుసు. అడగాల్సింది ఆయన్ని కాదు, ఆయన ట్రాక్టర్ డ్రైవర్ని.

మర్నాడు దిగే ముందు ఒకసారి తక్కువ ఎత్తులో స్ట్రిప్ మీదుగా పోయి చూశాం.

"దిగు, ఖాళీగా ఉండాది," అన్నాడు మా ఆయన.

"యాడ ఖాళీ? సగానికి వడ్లు ఆరబోసినారు, చూడప్పా!"

"నాకేం కనపల్లేదే."

ఎర్ర మొరం, దాని మీద వడ్లు, రెండూ ఆ కళ్ళకు ఒకటే. ఆ కళ్ళే నన్ను కాపాడాయట.

మా వైపు తారు రోడ్డు మీద వడ్లు ఎలా ఆరబోస్తారో స్ట్రిప్ మీదా అలాగే పోశారు. పొడుగునా ఒక పక్క వడ్లు, తొక్కకుండా అంచున రాళ్ళ వరుస, రెండో పక్క బండ్లకు దారి. బస్సు డ్రైవర్లు రోజూ అలాంటి దారుల్లోనే పోతారు. మా విమానానికీ మర్యాదగా దారి విడిచారు. రెక్కలు వడ్ల పైనుంచి పోతాయి, చక్రాలకు సగం బాట చాలు అని లెక్క వేశాను. వెనక్కి పోదాం అనొచ్చు. అనలేదు. దిగగలనని చూపించాలనుకున్నాను. అంతవరకూ తప్పు నాదే.

ఎడమ చేతిలో విమానాన్ని తిప్పే స్టిక్, కుడి చేతిలో థ్రాటిల్. థ్రాటిల్ మా సీట్ల మధ్య ఉంటుంది. ముందుకు తోస్తే ఇంజను ఊపందుకుని విమానం మళ్ళీ లేస్తుంది, వెనక్కి లాగితే ఊపు తగ్గి నేల మీద కూర్చుంటుంది. చక్రాలు తగిలాయి, ఎగిరాయి. సరిగ్గా అప్పుడే ఎడమనుంచి గాలి కొట్టి మమ్మల్ని రాళ్ళ వైపు నెట్టింది. లేవాలా, కూర్చోవాలా? ఆ క్షణంలో మా ఆయన చెయ్యి నా చేతి మీద పడింది. విమానం కూర్చుంది. కుడి చక్రం రాళ్ళను ఎగరగొట్టి వడ్లలోకి దిగబడింది. గిర్రున తిరిగి ఆగాం. తీగలు ఇంకా దూరంగానే ఉన్నాయి.

ముందు వచ్చింది ట్రాక్టర్ డ్రైవర్.

"ఏమక్కా, దావ విడిచినాం గదా! లారీ పోతాది ఆ దావలో, ఈ మిడత పోలేదా?"

"లారీని గాలి తోస్తాదా? ఫోన్ చేసినప్పుడు చెప్పల్ల గదా, వడ్లు పోసినామని!"

"హౌదా, అట్లనా? ఇది గాలికి పక్కకు పోతాదని మాకెవురు చెప్పినారక్కా?"

నేను వంగి, చెదిరిన రాళ్ళు ఏరి మళ్ళీ వరుసలో పెట్టసాగాను.

తర్వాత స్ట్రిప్ యజమాని వచ్చాడు. "ఏంటండీ అమ్మగారూ, ధాన్యంలోకి ఎక్కించేశారు! సార్ పక్కనుండబట్టి సరిపోయింది. ఈసారి ఎవరైనా మగ పైలట్‌ని పెట్టుకుని రండి. మీరు నడిపితే మాత్రం మా స్ట్రిప్ మీద వద్దండీ."

మా ఆయన వైపు చూశాను. గొంతుక్కూర్చుని చక్రం తడుముతున్నాడు. సరే అనలేదు, కాదనీ అనలేదు. ఊరంతా తిరుగుతున్న కథ ఆ మౌనంలోనే పుట్టింది. ఇప్పుడు బెంగళూరు నుంచి రిటైరైన పైలట్ ఒకాయన వచ్చే ఆదివారం మా విమానం చూడటానికి వస్తున్నాడు. పిలిచింది మా ఆయనే. నా సీటు చూడటానికి వస్తున్నాడని నేనంటాను.

అప్పటినుంచి ఒకచోట నిలవలేకపోతున్నాను. బస్సెక్కి మళ్ళీ హచ్చొళ్ళి పోయి, చక్రం దిగబడిన చోటినుంచి తీగల దాకా అడుగులు వేసి కొలిచాను. లేచి ఉంటే తీగలు దాటేవాళ్ళమని లెక్క రాసి మా ఆయనకు చూపించాను.

"కాగితం మీద గాలి యాడుండాది?" అన్నాడు.

మిక్సీ తిప్పినా, స్కూటర్ హ్యాండిల్ పట్టినా నా కుడి చేతినే చూసుకుంటున్నాను, ఎటు పోతోందో అని. ఆయన్ని టీ దగ్గర అడిగాను, షెడ్డులో అడిగాను, సంతలో ఉల్లిగడ్డలు ఏరుతూ అడిగాను.

"నీ చెయ్యి పడేసరికి నా చెయ్యి యాడుండె?"

"నా చెయ్యి కిందనే ఉండె."

"తమాషా వద్దప్పా."

"ఏందే నీ గోల! దిగినాం గదా, సుమ్మనుండు."

ఎలా ఊరుకునేది? నా చెయ్యి ముందుకు తోస్తూ ఉంటే, పైలట్ నిర్ణయాన్ని లైసెన్స్ లేని మనిషి మార్చేశాడు. వెనక్కి లాగుతూ ఉంటే, నా విమానాన్ని నేనే దించాను, ఆయన చెయ్యి ఊరికే పైన ఉంది. రెండింట్లో ఏదైనా సరే, ఆదివారం నా సీట్లోంచి నేను లేవను. కానీ ఎటూ కదలకుండా బిగుసుకుపోయి ఉంటే? అప్పుడు బస్సు దగ్గరి వాళ్ళ కథే నిజం. ఎంత తలచుకున్నా నాకు ఆయన అరచేతి వేడి ఒక్కటే గుర్తొస్తోంది. తెలిసింది ఆయనకే. ఆదివారం లోపు చెప్పప్పా: నీ చేతి కింద నా చెయ్యి ఎటు పోతోంది?