పలకరించకుండా వెళ్లిన మేడమ్

మేడమ్ పోయారన్న కబురు కెనడాలో మా బ్రాంప్టన్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో చూశాను. కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు. నేను ఆ బొమ్మ కూడా పెట్టలేకపోయాను.

ఆవిడ కిచెనర్‌లో ఒక్కరే ఉండేవారు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన విద్యార్థుల లైంగిక ఆరోగ్యం, హెచ్‌ఐవీ నివారణ ఆవిడ పరిశోధన. నేను సార్నియాలో చదువుతున్నప్పుడు ఇంటర్వ్యూల కోసం అంతదూరం డ్రైవ్ చేసుకుంటూ వచ్చారు. ప్రశ్నలన్నీ అయ్యాక రికార్డర్ ఆపుతుంటే, "మేడమ్, నాకే ఉందేమోనని భయంగా ఉంది," అన్నాను.

"టెస్ట్ చేయించుకున్నావా?"

"లేదు."

"సరే, పద. నేనూ వస్తా."

పాజిటివ్ అని వచ్చింది. క్లినిక్ బయట కారులో ఆవిడ పులిహోర డబ్బా తెరిచి ఇద్దరి మధ్యా పెట్టారు. నేను చెయ్యి పెట్టలేదు.

"ఎంగిలితో రాదు బాబూ. ఇన్నేళ్లుగా అందరికీ అదే చెబుతున్నా. నువ్వు కూడా నమ్మకపోతే ఎలా?" అని తనొక ముద్ద తిని డబ్బా నా వైపు జరిపారు. "రోజూ మాత్ర వేసుకో, మానకు. వైరస్ టెస్టులో కనబడనంత తగ్గిపోతుంది. అలా ఉన్నంతకాలం సెక్స్ వల్ల కూడా నీ నుంచి ఎవరికీ రాదు."

అలాంటి మాటలకు ఆవిడ గొంతు తగ్గించేవారు కాదు. అందుకే మనవాళ్లకు ఇబ్బంది. "పార్టీల్లో ఏం చేస్తుంటారండీ అని అడుగుతారు. చెప్పగానే సమోసాలు వచ్చాయేమో చూడ్డానికి వెళ్లిపోతారు," అని నవ్వేవారు. ఆ నవ్వు వెంటనే ఆగిపోయేది.

ఉద్యోగం వచ్చి బ్రాంప్టన్‌కి మారాక, ఒక ఉగాది వేడుకలో ఆవిడ ఎదురొచ్చారు. నా పక్కన రూమ్మేట్లు ఉన్నారు. తల తిప్పుకున్నాను. ఆవిడ కూడా నన్ను ఎరగనట్టే దాటిపోయి, చివరి టేబుల్ దగ్గర ఒక్కరే కూర్చుని తిన్నారు.

సాయంత్రం మెసేజ్ వచ్చింది: "ఆరోగ్యంగా కనిపించావు, సంతోషం. నేను పలకరిస్తే నిన్ను ప్రశ్నలు అడుగుతారని ఆగాను."

థ్యాంక్స్ అని మాత్రం రాశాను. క్షమించమని ఎదురుగా అడగాలనుకుంటూనే ఏళ్లు గడిపేశాను.

అంత్యక్రియలకు వెళ్లాను. ఆవిడ చెల్లెలు దగ్గరికొచ్చి, "అక్క మీకెలా తెలుసండీ?" అన్నారు.

"నన్ను మొదటిసారి క్లినిక్‌కి తీసుకెళ్లింది మేడమేనండీ."

ఆమె నా చెయ్యి కాసేపు పట్టుకుని, "వాళ్లూ అదే చెప్పారండీ," అని వెనక వరుస వైపు చూపించారు. అక్కడ ఐదారుగురు కోట్లు విప్పకుండా కూర్చుని ఉన్నారు, మనిషికీ మనిషికీ మధ్య ఒక కుర్చీ ఖాళీ వదిలి. హాలు ఖాళీ అవుతున్నా ఎవరూ లేవలేదు.