ఇరవై నాలుగో వంతు మొహిద్దీన్ గారు

ఏలూరు మొహిద్దీన్ గారికి లోకమంతా ఇరవై నాలుగో వంతులోనే కనిపిస్తుంది. చూపులో లోపమేమీ లేదు, అలవాటంతే. కనపడినదాన్నల్లా కొలిచి, ఇరవై నాలుగుతో భాగించి, ఆ వచ్చిన అంకెనే అసలు కొలతలా పైకి చెబుతారు. ఆస్పత్రిలో నర్సు ఎత్తు ఎంతని అడిగితే, "డెబ్బై రెండు మిల్లీమీటర్లండీ" అన్నారు. ఆవిడ రాసేసుకుంది కూడా. ఆ కాగితం చూసిన డాక్టరు గారు పేషెంటు కోసం బల్ల కింద వెతికారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

దీనికంతటికీ కారణం బొమ్మకార్లు. కార్ల కంపెనీలు అమ్మడానికి కాకుండా, "మేము ఇలాంటివి కూడా చేయగలం సుమా" అని చూపించుకోవడానికి ఒక్కటంటే ఒక్కటి చేసి ప్రదర్శనలో పెట్టే కార్లుంటాయి. అరవై డెబ్బై ఏళ్ల కిందటి అలాంటి కార్లంటే మొహిద్దీన్ గారికి ప్రాణం. నిజం కారులో ఇరవై నాలుగో వంతు సైజులో వాటి నమూనాలు చేయడం ఆయన వ్యసనం. ముప్పై ఐదేళ్లు లోహాన్ని గిర్రున తిప్పి చెక్కే లేతు మిషను మీద పనిచేసిన చేతులవి. ఇత్తడి చక్రాలూ బంపర్లూ స్టీరింగులూ ఆయన లేతు మీద తిప్పి చేస్తారు. పాత ఫొటోలు చూసి కొలతల బొమ్మ గీసేది తాడేపల్లిగూడెంలో డ్రాయింగు టీచరు నిర్మల గారు. చెక్కలో బాడీ చెక్కేది ఉంగుటూరు రైతు జోగారావు గారు.

"గూడెం నుంచి ఏలూరు యాభై కిలోమీటర్లండీ, ప్రతి ఆదివారం ఎలా వస్తాను?" అని నిర్మల గారు మొదట్లో మొత్తుకున్నారు.

"రెండు కిలోమీటర్ల పైచిలుకేనండీ. నడిచొచ్చేయొచ్చు."

ఆయన భార్య బీబీ గారు టీ కప్పులు పెడుతూ, "మా ఆయన నన్ను బాగా చూసుకుంటారండీ. కాకపోతే ఇరవై నాలుగో వంతు" అన్నారు.

ఆ ఏడాది ముగ్గురూ కలిసి ఎత్తుకున్నది 1950ల నాటి, తోక దగ్గర రెక్కలున్న ఒక కారు. కంపెనీ ఒక్కటే చేసి, తర్వాత తుక్కు కింద కొట్టేసిందట. మిగిలింది పదకొండు ఫొటోలు. మూతి బల్లపరుపుగా, ఒళ్లు నున్నగా, అచ్చం కొర్రమీనులా ఉంటుంది. అందుకని ముందు అసలు చేపను చూడాలని మొహిద్దీన్ గారు అందరినీ కొల్లేటికోట తీసుకెళ్లారు. ఒడ్డున చేపలమ్ముతున్న సూర్యకాంతం గారి బుట్ట ముందు గొంతుక్కూర్చుని, వెంట్రుకవాసి తేడా కూడా పట్టే తన వెర్నియర్ పొడవు చాలక టేపు తీసి కొలిచారు.

"ఇరవై మిల్లీమీటర్లుందండీ."

సూర్యకాంతం గారు బుట్టను వెనక్కి లాక్కున్నారు. "ఏవండోయ్, ఇది కొర్రమీనండీ, చీమ కాదు! బేరమాడితే ఆడండి గానీ చేపని అవమానించకండి."

అలా ఆ కారు పేరు కొర్రమీనైంది.

జోగారావు గారు నాలుగు నెలలు కష్టపడి మొదటి బాడీ చెక్కి తెచ్చారు. మొహిద్దీన్ గారు ముక్కు దగ్గర వెర్నియర్ ఆనించి, ఎవరో పోయినట్టు మొహం పెట్టారు.

"అర మిల్లీమీటరండీ!"

"కంటికి ఆనదు కదండీ."

"అసలు కారులో అది పన్నెండు మిల్లీమీటర్లు! వేలి మందాన ముక్కు వంకర పోయిన కారు మీరైతే కొంటారా?"

"కొననండీ. నాకు ట్రాక్టరుంది" అన్నారు జోగారావు గారు. అన్నారే గాని మళ్లీ మొదలుపెట్టారు. రెండోది తలుపు గీత దగ్గర పోయింది. ఆ రోజు బస్సులో ఉంగుటూరు దాకా ఆయన బాడీని ఒళ్లో పెట్టుకుని ఆ గీతనే వేలితో తడుముతూ వెళ్లారు. ఇంటికెళ్లి భార్య వెంకటనరసమ్మ గారితో, "మూడోది కూడా కాదంటే ఉలి పట్టనే" అన్నారు. అది కోపం కాదు. అరవై ఒక్కేళ్ల మనిషికి తన చెయ్యి మీద తనకే నమ్మకం సడలడం. ఆవిడకది అర్థమై, ఆ పూట పెరుగన్నంలోకి అడక్కుండానే రెండు ఊరమిరపకాయలు వేయించారు.

మూడోదానికి ఇంకో గండం. బొమ్మ కాగితం నాట్ల రోజుల్లో ఆయన భుజం మీది తువ్వాల్లోంచి జారి బురదలో పడి ముద్దయిపోయింది. నిర్మల గారు ఫోనుకి మళ్లీ పంపిస్తే, ఊళ్లో జిరాక్సు షాపులో ప్రింటు తీయించుకున్నారు. ఆయనకి అంకెలు గుర్తుండవు. చెక్కని కాగితం మీద పెట్టి, గీతకు గీత సరిచూసుకుంటూ చెక్కుతారు. ఈసారి వెంట్రుకవాసి కూడా వదల్లేదు. మూడు నెలలు చెక్కి, ఉప్పు కాగితంతో రుద్ది రుద్ది, తువ్వాల్లో చుట్టి ఏలూరు తెచ్చారు.

మొహిద్దీన్ గారు ముక్కు కొలిచారు. తలుపు కొలిచారు. తోక కొలిచారు. బాడీ పక్కన పెట్టి జోగారావు గారి మొహంలోకి చూశారు. మళ్లీ ముక్కు కొలిచారు. వెర్నియర్ మూసి జేబులో పెట్టుకున్నారు.

"బాగుందండీ."

అంతే! జోగారావు గారు నమ్మలేక, "ఇంకోసారి చూడండి" అన్నారు.

"బాగుందన్నానుగా. బొమ్మకార్ల ప్రదర్శనకి ఇంకా ఇరవై రోజులుంది. ఇక్కడ వదిలెళ్లండి. మీరిక రావక్కర్లేదు, నేను బిగిస్తాను."

జోగారావు గారు ఉంగుటూరు దాకా ఈల వేసుకుంటూ వెళ్లారు. కండక్టరు రెండుసార్లు ఆపమన్నాడు.

ఏలూరులో ఒక కాలేజీ హాల్లో ప్రదర్శన. కొర్రమీను నల్లగా నిగనిగలాడుతూ బల్ల మీద నిలబడింది. చక్రాలు వాటి గూళ్లలో చక్కగా ఒదిగాయి. జోగారావు గారు మురిసిపోతూ ముందున్న చీటీ చదివి ఆగిపోయారు. 'స్కేలు: ఇరవై ఐదో వంతు.'

"ఏవండీ, అచ్చు తప్పు పడింది. మనది ఇరవై నాలుగు కదా?"

"ఇరవై ఐదేనండీ" అన్నారు మొహిద్దీన్ గారు ఫ్యాను వైపు చూస్తూ. "మొదట్నుంచీ అంతే."

బీబీ గారికి నవ్వాగలేదు. "ఎందుకండీ ఆ అబద్ధం? అన్నయ్య గారూ, ఇరవై రోజులూ ఈయనకి లేతు దగ్గరే అన్నం పెట్టాను. చక్రాలు, బంపర్లు, స్టీరింగు, సీట్లు అన్నీ మళ్లీ చేశారు. ఎనిమిది నెలల పని పక్కన పడేసి!"

నిర్మల గారు మెల్లగా విప్పి చెప్పారు. జిరాక్సు షాపు వాళ్లు బొమ్మ మొత్తం కాగితంలో పట్టాలని కాస్త తగ్గించి ప్రింటు తీశారు. నూటికి తొంభై ఆరు. దాంతో ఇరవై నాలుగో వంతు కాస్తా ఇరవై ఐదో వంతైంది. రెండు వందల మిల్లీమీటర్లుండాల్సిన కారు ఎనిమిది మిల్లీమీటర్లు కురచైంది.

అర మిల్లీమీటరుకి రెండు బాడీలు తిప్పికొట్టిన మనిషి! జోగారావు గారు ఆయన వైపు తిరిగారు.

"ఎనిమిదండీ! నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదండీ!"

"ఏమని చెప్పనండీ? ముక్కు, తలుపు, తోక, ఎక్కడ కొలిచినా సరిగ్గా నూటికి నాలుగే తక్కువ. చుక్కంత తేడా లేదు. నా సర్వీసులో ఇంత కచ్చితమైన తప్పు చూళ్లేదు. దాన్ని పాడుచేయడానికి నాకు చేతులు రాలేదు."

"మరి మీ చక్రాలు?"

"చక్రాలదేముందండీ, మళ్లీ తిప్పుకుంటాం. మీరు ఉలి పక్కన పెట్టేస్తే, అలాంటి చెయ్యి నేను ఏ లేతు మీద తిప్పుకోను?"

ఉలి సంగతి ఈయనకెలా తెలిసిందో జోగారావు గారికి అర్థం కాలేదు. ఆయనతో వచ్చిన వెంకటనరసమ్మ గారు మాత్రం పక్క బల్ల మీది జీపుని అతి శ్రద్ధగా చూస్తున్నారు.

ఇంతలో న్యాయనిర్ణేత అచ్యుతరావు గారు కళ్లద్దాలు సవరించుకుంటూ వచ్చారు. "అందరూ ఇరవై నాలుగు చేస్తుంటే, మీరు ప్రత్యేకంగా ఇరవై ఐదు ఎందుకు ఎంచుకున్నారండీ?"

మొహిద్దీన్ గారు నోరు తెరవబోయారు. జోగారావు గారు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ముందుకొచ్చారు. "ఆయన్నడక్కండి, నిజం చెప్పరు. నేను చెబుతాను."

బురదలో పడ్డ కాగితం దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కటీ వదలకుండా చెప్పారు. ఆయన ముగించేసరికి బల్ల చుట్టూ ముప్పై మంది మూగారు. ఆ రోజు హాల్లో అన్ని కార్లకీ కలిపి తీసిన ఫొటోల కంటే మొహిద్దీన్ గారికి తీసినవే ఎక్కువ. ఆయన సిగ్గుపడిపోతూనే, ప్రతి ఫొటోకీ జోగారావు గారి భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డారు.