దుల్మా అవ్వ తలుపు

మా గోబీ ఎడారిలో గొర్రె ఉడికిన రోజున దుల్మా అవ్వ వెన్నుపూసే అడిగి తీసుకుంటుంది. తెల్లగా తేలేదాకా కొరికి, దాని రంధ్రంలో చిటికెనవేలు తిప్పుతూ కూర్చుంటుంది. కోటలు చాలానే చూశాను గాని, ముందు దిమ్మె, వెనక కమాను, పూసమీద పూస పేర్చి మెత్తని వెన్నుపామును నడిమధ్య దాచిన ఈ వెన్నెముక కోటకు ఏదీ సాటిరాదు.

నిరుటి చలికాలంలో పక్క గుడారం కుర్రాడు జాంబా గుర్రంమీంచి పడి లేవలేకపోతే, జనం అతణ్ణి జీనుమీద అడ్డంగా వెయ్యబోయారు.

"వాడేం తడిగుడ్డట్రా, మడతెయ్యడానికి? పూస జారి లోపలి తాడు తెగిందా, ఇక కాళ్లు లేవు. నా గుడారం చెక్కతలుపు ఊడదియ్యండి!" అని అవ్వ అరిచింది.

"చలికి చస్తావే అవ్వా!"

"నేను చస్తే ముసలిది పోయిందంటారు. వాడు నడవాలి."

జాంబాను తలుపుకు కట్టి పట్నం ఆసుపత్రికి పంపి, వాకిలికి కంబళి వేలాడదీసుకుంది. మంచు కరిగాక అతడు ఆ తలుపును వీపున మోసుకుంటూ నడిచి వచ్చాడు.

"దించరా వెధవా, నీ నడుం!" అంటూ అవ్వ ఎదురు పరుగెత్తింది.